పేస్లిప్ లేని కూలి



మేనేజ్‌మెంట్ కళాశాలల్లో ఉద్యోగుల వేతనాలు, ప్రయోజనాలు ఒక పాఠ్యాంశం. ఆ పాఠం పేస్లిప్‌తో మొదలవుతుంది. మనలో అనేకులకు ఆ పేస్లిప్పే లేదు. ముస్లింలలో నెలజీతంపై పనిచేసేవారు తక్కువనీ, స్వయం ఉపాధిపై ఆధారపడినవారు ఎక్కువనీ 2006లో సచార్ కమిటీ తేల్చింది.

భవిష్యనిధి సాధారణంగా కనీసం 20 మంది, ఈఎస్‌ఐ కనీసం 10 మంది పనిచేసే సంస్థలకే వర్తిస్తాయి. లాడ్ బజార్ లక్క గాజులకు ఇంట్లో కూర్చుని రాళ్లు అతికే చెల్లెలు ఈ లెక్కలో ఎక్కడుంది?

కనుక మన యువత ఈ శాస్త్రాన్ని రెండు పనుల కోసం చదవాలని కోరుతున్నాం: ఉన్న హక్కును లెక్కగట్టి అడగడానికి, చట్టం వెలుపల మిగిలినవారిని లోపలికి తేవడానికి. జబ్బు చేస్తే వైద్యం, ముసలితనంలో పింఛను ఆ చెల్లెలి కూలిలో భాగమేనని మేము నమ్ముతున్నాం.