తెర వెనుక సేవకుడు: సర్వర్‌పై ప్రోగ్రాంను నిరంతర సేవగా నిలపడం



ఒక ప్రోగ్రాంను పనిచేయించడం వేరు, అది పనిచేస్తూ ఉండేలా చూడడం వేరు. మొదటిది తరగతి గదిలో నేర్పుతారు. రెండవదాన్ని చాలామంది ఉద్యోగంలో చేరాక, ఏ అర్ధరాత్రో సర్వర్ ఆగిపోయినప్పుడు నేర్చుకుంటారు. ఆ రెండవ విద్యను ఈ ప్రసంగంలో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

ఇంటర్నెట్ సరిగా అందని ఒక కళాశాల గ్రంథాలయాన్ని ఊహించండి. అక్కడ ఒక పాత కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ ఉంది. దాన్నే సర్వర్‌గా చేసి, లాబ్‌లోని మిగతా కంప్యూటర్లకు వికీపీడియాను ఇంటర్నెట్ లేకుండానే అందించాలని విద్యార్థులు సంకల్పించారు. ఇందుకు కివిక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. 2007లో మొదలైన ఈ ప్రాజెక్టులో వికీపీడియా వంటి విజ్ఞాన భాండారాలను జిమ్ అనే రూపంలో ఒకే ఫైలుగా కుదించి ఇస్తారు. 2003 డిసెంబరులో ప్రారంభమైన మన తెలుగు వికీపీడియా కూడా ఈ రూపంలో లభిస్తుంది. కివిక్స్-సర్వ్ అనే చిన్న ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి, బ్రౌజర్‌లో అడిగినవారికి పేజీలు పంపుతుంది. ఇలా సొంత యంత్రంపై, సొంత నిర్వహణలో నడుపుకునేదాన్ని సెల్ఫ్-హోస్టెడ్ అప్లికేషన్ అంటారు.

ఒక విద్యార్థి తన లాప్‌టాప్ నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి, కివిక్స్-సర్వ్‌ను ప్రారంభించాడు. లాబ్ అంతటా పేజీలు వచ్చాయి. సాయంత్రం అతడు లాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్ళాడు. మరునాడు పొద్దున పరీక్షకు చదువుకోవడానికి వచ్చినవారికి ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. ఎందుకు?

కారణం యునిక్స్ తొలినాళ్ళలో ఉంది. అప్పట్లో టెర్మినళ్ళు టెలిఫోన్ తీగల ద్వారా కూడా కంప్యూటర్‌తో కలిసేవి. ఫోన్ పెట్టేస్తే ఆ మనిషి వెళ్ళిపోయినట్టే. అతడు మొదలుపెట్టిన పనులను ఆపమని కంప్యూటర్ ఒక సంకేతం పంపేది. దాని పేరు సిగ్‌హప్. హప్ అంటే హ్యాంగప్, ఫోన్ పెట్టేయడం. టెలిఫోన్ తీగలు పోయినా సంకేతం మిగిలింది. టెర్మినల్ మూసినప్పుడు దానిలో నడుస్తున్న ప్రోగ్రాంకు ఇప్పటికీ అదే అందుతుంది, సాధారణంగా ఆ ప్రోగ్రాం ఆగిపోతుంది.

నోహప్ అనే ఆదేశంతో ఈ సంకేతాన్ని పట్టించుకోకుండా చేయవచ్చు. కానీ మూడు ప్రశ్నలు మిగిలిపోతాయి. కరెంటు పోయి వచ్చాక ప్రోగ్రాంను ఎవరు మొదలుపెడతారు? అది మధ్యలో కుప్పకూలితే ఎవరు లేపుతారు? తప్పు ఎక్కడ జరిగిందో ఎలా తెలుస్తుంది? ఈ మూడింటికీ జవాబు ఉన్నప్పుడే ఒక ప్రోగ్రాంను సేవ, అంటే సర్వీస్ అనాలి.

మన పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటికాడు ఉండేవాడు. ఎవరి పొలానికి ఎప్పుడు నీరు వదలాలో చూసుకునేవాడు. రైతుకు అతడు కనిపించకపోయినా వంతు ప్రకారం నీరు వచ్చేది. కంప్యూటర్‌లో ఇలా కనబడకుండా పనిచేసే ప్రోగ్రాంను డీమన్ అంటారు. 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రాజెక్ట్ మ్యాక్ శాస్త్రజ్ఞులు ఈ పేరు పెట్టారు. అణువులను వేరుచేస్తూ కూర్చునే భూతాన్ని ఊహించిన భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆలోచన వారికి స్ఫూర్తి.

ఈ డీమన్లందరికీ ఒక పెద్ద ఉండాలి. లినక్స్ మేల్కొనగానే మొదలయ్యే తొలి ప్రాసెస్ సంఖ్య 1. మిగతా సేవలను మొదలుపెట్టేది అదే. పూర్వం సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో ప్రతి సేవకూ ఒక పొడవైన షెల్ స్క్రిప్టు రాసేవారు. 2010లో సిస్టమ్‌డీ వచ్చింది. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8 దీన్ని స్వీకరించాయి. ఇందులో పొడవైన స్క్రిప్టు బదులు పది పన్నెండు పంక్తుల వివరణ చాలు. దాన్ని యూనిట్ ఫైలు అంటారు.

ఇక మన పనిలోకి వద్దాం. నేను తెలుగులో పలుకుతున్న ఆదేశాలను యంత్రానికి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వాలని గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు, ఈ సేవకు ప్రత్యేకంగా ఒక యూజర్‌ను సృష్టించడం. కివిక్స్‌ను రూట్ పేరుతో నడపకండి. రూట్ అంటే ఇంటి తాళాలన్నీ ఉన్నవాడు. ప్రోగ్రాంలో ఏదైనా లోపాన్ని ఎవరైనా వాడుకుంటే, యంత్రమంతా వారి చేతికి చిక్కుతుంది. తక్కువ అధికారాలున్న యూజర్ అయితే నష్టం ఆ గదికే పరిమితం. ఆ యూజర్‌కు జిమ్ ఫైలును చదివే అనుమతి మాత్రం ఇవ్వండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కివిక్స్-సర్వ్ మామూలుగా 80వ పోర్టును అడుగుతుంది. 1024 కంటే తక్కువ సంఖ్య గల పోర్టులు ప్రత్యేక అధికారం లేనిదే తెరుచుకోవు. కాబట్టి 8080 వంటి పోర్టును ఎంచుకోండి.

రెండవ మెట్టు, యూనిట్ ఫైలు రాయడం. ఈటీసీ అనే డైరెక్టరీలో సిస్టమ్‌డీ, దానిలో సిస్టమ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడ కివిక్స్ డాట్ సర్వీస్ అనే ఫైలు సృష్టించండి. దీనిలో మూడు భాగాలుంటాయి.

మొదటిది యూనిట్. సేవ ఏమిటో, దేని తరువాత మొదలుకావాలో ఇక్కడ చెబుతాం. నెట్‌వర్క్ సిద్ధమయ్యాకే మొదలుకావాలని మన అవసరం.

రెండవది సర్వీస్. ఇది గుండెకాయ. ఎగ్జెక్‌స్టార్ట్ అన్న చోట ప్రోగ్రాం పూర్తి చిరునామా, పోర్టు సంఖ్య, జిమ్ ఫైలు ఉన్న చోటు రాయాలి. యూజర్ అన్న చోట మనం సృష్టించిన పేరు రాయాలి. రీస్టార్ట్ అన్న చోట ఆన్-ఫెయిల్యూర్ అని రాస్తే, ప్రోగ్రాం తప్పుతో ఆగినప్పుడు సిస్టమ్‌డీ తిరిగి లేపుతుంది. మనమే ఆపితే లేపదు.

మూడవది ఇన్‌స్టాల్. కంప్యూటర్ మల్టీ-యూజర్ దశకు చేరినప్పుడు ఈ సేవ కూడా కావాలని ఇక్కడ చెబుతాం.

ఒక జాగ్రత్త. కివిక్స్-సర్వ్‌కు తానే తెర వెనక్కి వెళ్ళే డీమన్ అనే ఐచ్ఛికం ఉంది. దాన్ని ఇక్కడ వాడకండి. అది వాడితే మొదటి ప్రాసెస్ తన బిడ్డను వదిలి తప్పుకుంటుంది, పని ముగిసిందని సిస్టమ్‌డీ అనుకుంటుంది. ప్రోగ్రాంను మామూలుగా, ఎదుటనే నడవనివ్వండి. తెర వెనక ఉంచే పని సిస్టమ్‌డీది.

మూడవ మెట్టు, సేవను మొదలుపెట్టడం. ముందు సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ ఇస్తే కొత్త ఫైలు చదవబడుతుంది. తరువాత రెండు ఆదేశాలున్నాయి. స్టార్ట్ అంటే ఇప్పుడు మొదలుపెట్టు. ఎనేబుల్ అంటే ఇకపై కంప్యూటర్ లేచినప్పుడల్లా మొదలుపెట్టు. స్టార్ట్ ఇచ్చి ఎనేబుల్ మరచిపోవడం తరచు జరిగే పొరపాటు. కరెంటు పోయేదాకా అది బయటపడదు.

నాలుగవ మెట్టు, పరిశీలన. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సేవ స్థితిని చూపుతుంది. అక్కడ 203 అనే సంఖ్య కనిపిస్తే ప్రోగ్రాంను నడపలేకపోయిందని అర్థం, ముందుగా దాని చిరునామా సరిచూడండి. 217 కనిపిస్తే యూజర్ పేరులో తప్పుంది. పూర్తి కథ కావాలంటే జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో ఆ సేవ దినచర్యను చదవండి.

తిరిగి లేపడం వైద్యం కాదన్న సంగతి మరవకండి. జిమ్ ఫైలు చెడిపోయి ఉంటే ఎన్నిసార్లు లేపినా ప్రోగ్రాం పడిపోతూనే ఉంటుంది. మనం వేరుగా చెప్పకపోతే సిస్టమ్‌డీ ప్రతిసారీ 100 మిల్లీసెకన్లు మాత్రమే ఆగి ప్రయత్నిస్తుంది. 10 సెకన్లలో 5 సార్లు ప్రారంభించాక, ఇక మానుకుంటుంది. ప్రయత్నాల మధ్య 5 సెకన్ల విరామం పెడితే ఈ హద్దు తగలదు, కాని ప్రయత్నాలు అలా సాగుతూనే ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ దినచర్య చదివి కారణం వెతకవలసింది మనిషే.

ఇప్పుడు మీరే పరీక్షించండి. ప్రోగ్రాంకు కిల్ ఆదేశంతో 9వ సంకేతం పంపండి. కొన్ని సెకన్లలో అది కొత్త ప్రాసెస్ సంఖ్యతో తిరిగి లేవాలి. ఆ తరువాత కంప్యూటర్‌ను రీబూట్ చేయండి. ఎవరూ లాగిన్ కాకుండానే పక్క కంప్యూటర్‌లో పేజీ తెరుచుకోవాలి. చివరగా బయోస్ అమరికల్లో, కరెంటు రాగానే యంత్రం తనంతట తాను లేచే వీలుందేమో చూడండి. యంత్రమే లేవకపోతే సిస్టమ్‌డీ ఏం చేయగలదు?

ఈ పనిలో వాడిన పంక్తులు డజనుకు మించవు. కాని వాటి వెనుక ఒక బాధ్యత ఉంది. మీరు పెట్టిన సేవను నమ్ముకుని, మీ పేరు కూడా తెలియని ఒక విద్యార్థి రేపు పొద్దున పాఠం తెరుస్తాడు. అతడికి పేజీ రావాలంటే మీరు అక్కడ ఉండనవసరం లేదు. మీరు లేనప్పుడు ఏమి జరుగుతుందో ముందే ఆలోచించి ఉండాలి. యూనిట్ ఫైలు నకలును, మీరు చేసిన పనుల వివరాన్ని ఒక కాగితంపై రాసి గ్రంథాలయంలో ఉంచండి. మీరు చదువు ముగించి వెళ్ళాక వచ్చేవారికి అది పనికొస్తుంది.