గాలి పోయిన తరువాత

వాక్యభాగం: నిర్గమకాండము 9:22-26, యోబు 1:18-19, లూకా 13:1-5

 

ఈ ఉదయం మీకు ఒక చిన్న సంఘం గురించి చెప్పాలనుకుంటున్నాను. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పీడ్‌మాంట్ అనే ఊరి దగ్గర ఉన్న పల్లెటూరి మెథడిస్టు సంఘం. పేరు గోషెన్. 1994 మార్చి 27, మట్టల ఆదివారం. దాదాపు 140 మంది ఆరాధనకు వచ్చారు. పండుగ కాబట్టి నాటిక పెట్టుకున్నారు, పిల్లలు ముస్తాబై వచ్చారు. పదకొండున్నర దాటిన తరువాత టోర్నడో, అంటే పెద్ద సుడిగాలి, ఆ మందిరాన్ని కొట్టింది. పైకప్పు, గోడలు జనం మీద కూలాయి. మందిరంలోనే 20 మంది చనిపోయారు. వారిలో ఆరుగురు పిల్లలు. సుమారు 90 మంది గాయపడ్డారు. చనిపోయిన పిల్లల్లో ఒక పాప వయసు నాలుగేళ్ళు. ఆమె ఆ సంఘకాపరి కెల్లీ క్లెమ్ గారి కూతురు. మన దగ్గర పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య అనుకుంటాం. అక్కడ ఆమే కాపరి. తన బిడ్డను పోగొట్టుకున్న గంటలోనే ఆమె మిగిలిన వారి బిడ్డలను కూడా చూసుకోవలసి వచ్చింది.

మనకు తుపాను తెలుసు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మా ఇంటి పెద్దల నోట నేను చిన్నప్పుడు విన్నాను. అయితే తుపాను సముద్రంలో పుట్టి, రోజుల తరబడి నడిచి వస్తుంది. టోర్నడో అలా కాదు. ఉరుముల మేఘంలో గాలి తిరుగుతూ తిరుగుతూ నేల వరకు దిగుతుంది, కొన్ని నిమిషాల్లో పోతుంది. ఒక వీధిని నేలమట్టం చేసి, పక్క వీధిలో తీగ మీద ఆరేసిన బట్టను కూడా కదపకుండా పోవచ్చు. మనకు ఇవి అరుదు. కాని 2024 ఆగస్టు 31న ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఇలాంటి గాలికే వేలాది చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. అది ఊరి మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

గోషెన్ అనే పేరు వినగానే మీలో బైబిలు చదివేవారికి ఒక మాట గుర్తుకు వచ్చి ఉండాలి. నిర్గమకాండము తొమ్మిదవ అధ్యాయములో ఐగుప్తు మీద ఉరుములు, పిడుగులు, వడగండ్లు కురిశాయి. పొలములో ఉన్న మనుష్యులు, పశువులు, చెట్లు అన్నీ దెబ్బతిన్నాయి. ఇశ్రాయేలీయులు నివసించిన గోషెను దేశములో మాత్రము వడగండ్లు పడలేదు. ఎంత మంచి పేరు పెట్టుకున్నారో చూడండి! తుపాను తాకని చోటు అని బైబిలు చెప్పే స్థలము పేరు. ఆ పేరు గల మందిరము మీదే, అదీ ఆరాధన సమయములోనే, గాలి దిగింది.

ఇక్కడ మనం ఏం చెబుతాం?

జనవరి ఒకటో తారీకున మనం వాగ్దానపు కార్డు తీసుకుంటాం. 91వ కీర్తన చాలా ఇళ్ళలో గుమ్మానికి అంటించి ఉంటుంది, మా ఇంట్లో కూడా ఉంది. ఏ తెగులూ నీ గుడారమును సమీపించదన్న ఆ మాట మీద నాకు విశ్వాసమున్నది. కాని ఆ కీర్తనను ప్రభువు ముందు ఎవరు చదివారో మత్తయి సువార్త నాలుగవ అధ్యాయములో చూడండి. దేవాలయ శిఖరము మీద నిలబెట్టి, దూకు, నీకేమీ కాదు అని శోధకుడు చదివాడు. యేసు ప్రభువు దూకలేదు. వాగ్దానమును నమ్మడం వేరు, దాన్ని బీమా కాగితంలా ఊపడం వేరు.

గాలివాన వెలిసిన తరువాతి ఆదివారం మన సంఘాల్లో సాక్ష్యాల సమయం వస్తుంది. ఒక సహోదరుడు లేచి, అయ్యగారూ, మా వీధిలో అందరి రేకులూ లేచిపోయాయి, మా ఇంటి మీద ఒక్క రేకు కూడా కదల్లేదు, ప్రభువుకు స్తోత్రం అంటాడు. అందరం స్తోత్రం అంటాం. రేకులు లేచిపోయిన సహోదరి మూడో వరుసలో కూర్చుని ఉంటుంది. ఆమె కూడా స్తోత్రం అనాలి! ఆమె ప్రార్థన ఎక్కడ తక్కువైంది? దశమభాగం ఎగ్గొట్టిందా? ఎవరూ పైకి అడగరు. కాని ఆ ప్రశ్న ఆమెతో ఇంటికి వెళుతుంది, ఆ ఇంటికి కప్పు కూడా లేదు. సోదరులారా, కృతజ్ఞత చెప్పవద్దని నేను అనడం లేదు. పక్కవాడి కూలిన గోడ మీద ఎక్కి చెప్పవద్దు అంటున్నాను.

యోబు భక్తుని పది మంది పిల్లలు ఎలా చనిపోయారో గుర్తున్నదా? మొదటి అధ్యాయము 19వ వచనములో, అరణ్యము దిక్కునుండి గొప్ప సుడిగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలనూ కొట్టింది. ఇల్లు యౌవనస్థుల మీద పడింది. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చున్నారు, ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు రోజులు వాళ్ళు మంచి స్నేహితులు. తరువాత నోరు తెరిచారు. ఎనిమిదవ అధ్యాయములో బిల్దదు ఏమంటాడు? నీ పిల్లలు పాపము చేశారు, దాని ఫలితం అనుభవించారు అన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడతాడు. పది శవాలు పాతిపెట్టిన తండ్రితో ఆ మాట! చివరి అధ్యాయములో దేవుడు కోపపడింది యోబు మీద కాదు, ఈ స్నేహితుల మీద. మరొక సంగతి కూడా గమనించండి. యోబుకు ఒంటెలు, గొఱ్ఱెలు రెండింతలు వచ్చాయి. పిల్లలు మాత్రం మళ్ళీ పదిమందే. పోయిన పశువుకు బదులు పశువు వస్తుంది, పోయిన బిడ్డకు బదులు బిడ్డ రాదు. ఇంకా చిన్నవాళ్ళేగా, దేవుడు మళ్ళీ ఇస్తాడులే అని దయచేసి ఎవరితోనూ అనకండి.

బిల్దదును నేను విమర్శించడం సులువు. కాని నేనూ ఆ పని చేశాను. సెమినరీ నుండి బయటికి వచ్చిన రెండవ సంవత్సరము, మెట్ట ప్రాంతంలో ఒక పల్లెలో సేవ చేస్తున్నాను. మే నెల. సాయంత్రం మబ్బు పట్టింది. ఒక పంతొమ్మిదేళ్ళ అబ్బాయి గేదెలు తోలుకొస్తూ వాన మొదలయ్యేసరికి చింతచెట్టు కింద నిలబడ్డాడు. పిడుగు పడింది. మర్నాడు సమాధి దగ్గర నేను నేర్చుకున్న మాటలే చెప్పాను. దేవుడు తన తోటకు ఒక మంచి పువ్వు కావాలని కోసుకున్నాడు అన్నాను. ఆ తల్లి నా వైపు చూసి, "అయ్యగారూ, మీ దేవుడికి పువ్వులు తక్కువయ్యాయా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మిగిలిన ప్రసంగం ఎలా ముగించానో నాకు గుర్తు లేదు.

మా ఇంటావిడ ప్రసంగమేమీ చేయలేదు. ఆ ఇంట్లో మూడు రాత్రులు పడుకుంది. దూడ అరుస్తుంటే గేదె పాలు తీసింది, గంజి కాచి ఆ తల్లి చేత తాగించింది. ఏళ్ళ తరువాత ఒక సంతలో ఆమె కనబడితే అమ్మగారు బాగున్నారా అని మొదట అడిగింది మా ఇంటావిడ గురించే. నేను క్షమాపణ అడిగాను. "మీరు చిన్నపిల్లాడు అయ్యగారూ, అప్పుడు" అని వదిలేసింది.

లూకా 13వ అధ్యాయములో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఉంది. అక్కడ ప్రభువు ఏమి చెప్పలేదో చూడండి. అది ఎందుకు కూలిందో చెప్పలేదు. చనిపోయినవారు మిగిలిన యెరూషలేమువారికంటె ఎక్కువ పాపులు కారని మాత్రము తేల్చి చెప్పాడు. మారుమనస్సు మాట ఆయన బ్రతికి ఉండి వింటున్న వాళ్ళతో అన్నాడు. మనం తిరగేస్తాం. చచ్చినవారి పాపాలు వెతుకుతాం, బ్రతికిన మనం మారం.

గాలిలో దేవుడున్నాడా లేడా అని ఎవరైనా నన్ను అడిగితే రెండు వాక్యభాగాలు చూపించగలను. నహూము ప్రవక్త, సుడిగాలిలో యెహోవా మార్గమున్నదంటాడు. రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయాకు బలమైన గాలి కనబడింది, ఆ గాలిలో యెహోవా లేడు. రెండూ దేవుని వాక్యమే. ఈ రెండింటినీ ముడివేసి మీ చేతిలో పెట్టే తెలివి నాకు సెమినరీలో ఎవరూ నేర్పలేదు. ఏలీయా అక్కడికి రాకముందు, చచ్చిపోతానని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు, దూత వచ్చి ప్రసంగం చేయలేదని మాత్రం చెప్పగలను. రొట్టె కాల్చి పెట్టి, లేచి తిను అన్నాడు.

గోషెన్ సంఘం సంగతికి వస్తాను. అక్కడివారు ఎందుకు అనే ప్రశ్నను దాచుకోలేదు. చర్చిలోనే ఎందుకు, చిన్నపిల్లలు ఎందుకు అని బహిరంగంగా అడిగారు. కెల్లీ క్లెమ్ గారు వారిని గద్దించలేదు. విశ్వాసం కదిలిపోవడం వేరు, విశ్వాసం పోవడం వేరు అన్న భావంతో మాట్లాడారు. ఆ వారమంతా అంత్యక్రియలే. తరువాతి ఆదివారం, ఏప్రిల్ 3, ఈస్టరు. తెల్లవారుజామున కూలిన మందిరం పక్కన ఆరుబయట సుమారు 200 మంది కూడుకున్నారు. ఆమె ముఖం మీద గాయం, భుజానికి కట్టు. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయము తెరిచి, దేవుని ప్రేమనుండి మనలను ఎడబాపగలది ఏదీ లేదన్న భాగము చదివారు. ప్రియులారా, గాలి రాదు అని ఆ అధ్యాయం అనదు. ఉపద్రవము, కరవు, ఖడ్గము అన్నీ పేరు పెట్టి లెక్కపెడుతుంది. అవి వచ్చినా విడిపోము అంటుంది. బిడ్డను పాతిపెట్టిన ఆమె చదివింది కాబట్టి నేను ఆ మాట ఈ రోజు మీకు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ఇంకొక సంగతి, ఇది రేడియో కార్యక్రమం కాబట్టి తప్పక చెప్పాలి. ఆ రోజు సుడిగాలి కొట్టడానికి పది నిమిషాలకు పైగా ముందే వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చింది. లోపల ఆరాధిస్తున్నవారికి అది చేరలేదు. ఆ దేశంలో వాతావరణ రేడియో అని ఒకటి ఉంది, ప్రమాదం వచ్చినప్పుడు దానంతట అదే మోగుతుంది. గోషెన్ తరువాత అప్పటి ఉపాధ్యక్షుడు అల్ గోర్ చొరవతో దాన్ని మారుమూల ప్రాంతాలకు విస్తరించారు. ఆ 20 మందిని అది తిరిగి తేలేదు. తరువాత ఎందరో విన్నారు.

మన దేశంలో పిడుగులకు ఏటా 2 వేల మందికి పైగా చనిపోతున్నారు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. విపత్తుల సంస్థ ఫోనుకు సందేశం పంపుతుంది, దామిని అనే యాప్ ఉంది. ప్రార్థనలో ఉన్నాం కదా అని ఫోన్లన్నీ కట్టేయిస్తాం. మే నెలలో ఒక పెద్ద ఫోను తెరిచి పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చోనివ్వండి, అది అవిశ్వాసం కాదు. ఉరుము వినబడిందంటే పిడుగు పడగల దూరంలోనే ఉన్నామని అర్థం. చెట్టు కిందికి వెళ్ళవద్దు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రండి. పందిళ్ళు వేసి పెట్టే కూటాలు గాలి లేస్తే ఆపేయండి. ప్రసంగీకుడు మధ్యలో ఉన్నా సరే, నేనైనా సరే.

గాలి పోయిన తరువాత యౌవనస్థులకు పని ఉంది. నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారు. పట్టాదారు పుస్తకం తడిసిపోయినవారు, రేషన్ కార్డు ఎగిరిపోయినవారు, దరఖాస్తు రాయడం రానివారు ప్రతి వీధిలో ఉంటారు. కలం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళండి. చర్చికి వచ్చే ఇళ్ళకే కాదు, రామాలయం వీధికి, మసీదు వీధికి కూడా. గాలి అడిగి రాలేదు కదా, మనం అడగనవసరం లేదు. కరపత్రాలు ఆ రోజుకు ఇంట్లో ఉంచండి. పట్టా కప్పడానికి తాడు, నిచ్చెన తీసుకువెళ్ళండి. ఇంట్లో చావు జరిగి ఉంటే తాడు, నిచ్చెన బయట పెట్టి, లోపలికి వెళ్ళి నేల మీద కూర్చోండి.

ప్రార్థన చేసుకుందాం.

తండ్రీ, ఈ రాత్రి ప్లాస్టిక్ పట్టా కింద పడుకోబోయేవారిని జ్ఞాపకము చేసుకొనుము. రాలిన మామిడికాయల ముందు కూర్చున్న రైతును, తడిసిన పుస్తకాలు ఎండబెట్టుకుంటున్న పిల్లలను జ్ఞాపకము చేసుకొనుము. ఎందుకని నిన్ను అడుగుతున్న తల్లి మీద కోపపడకుము. ఆమె ఇంటికి వెళ్ళే మా నోళ్ళకు కావలి యుంచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.