సొరంగంలో లోపం కనబడితే ఎవరికి చెప్పాలి?

కృష్ణాతీరపు శ్రీకాకుళం, దివిసీమ ప్రాంతాల్లో కొండలూ లేవు, హైవే సొరంగాలూ లేవు. అయినా ఇక్కడి లారీలు, బస్సులు దూర ప్రాంతాల సొరంగాల గుండా వెళ్లక తప్పదు కనుక, వాటి భద్రత ఈ డెల్టా ప్రజలకూ సంబంధించినదే.

2006 జూలైలో అమెరికాలోని బోస్టన్ నగరంలో, సొరంగం పైభాగాన వేలాడదీసిన కాంక్రీటు పలకలు కారుపై పడి ఒక మహిళ మరణించారు. ఆ పలకలను మోసే బోల్టులను ఎపాక్సీతో, అంటే గట్టిపడే రసాయనిక జిగురుతో, కప్పులో బిగించారు. ఎడతెగని బరువుకు ఆ జిగురు కొద్దికొద్దిగా సాగి, బోల్టులు జారిపోయాయని దర్యాప్తు తేల్చింది. ఒక్క రోజులో జరిగింది కాదు కనుక, క్రమం తప్పని తనిఖీకి అది ముందే చిక్కేది.

అప్పటికి ఆ దేశంలో సొరంగాల తనిఖీకి జాతీయ నిబంధనలే లేవు. 2015లో అవి అమల్లోకి వచ్చాయి. సాధారణంగా రెండేళ్లకోసారి తనిఖీ జరగాలి. ‘క్రిటికల్ ఫైండింగ్’, అంటే తక్షణ ప్రమాదం తేగల లోపం, బయటపడితే రాష్ట్రాలు 24 గంటల్లో కేంద్ర హైవే సంస్థకు తెలపాలి. తనిఖీతో పని ముగియదు, 24 గంటల్లో ఆ సమాచారం పైకి చేరాలి. దానితోపాటు, ప్రమాదాన్ని తప్పించేందుకు అప్పటికే చేపట్టిన, చేపడుతున్న లేదా చేపట్టబోయే చర్యలేమిటో కూడా చెప్పాలి.