నచ్చని బట్టకు నల్లరంగు



హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనున్న తార్నాకలో మా కాపురము. ఆ ప్రాంగణమున 1939లో వెలసిన ఆర్ట్సు కళాశాల రాతిభవనమును ఎరుగనివారరుదు. అచ్చటి సాంకేతిక కళాశాలలో జౌళివిద్యయు బోధింతురని యెరిగినవారు కొలదిమంది.

పండుగకు మా అన్న నాకు నాలుగు గజముల బట్ట పెట్టినాడు. నేత గట్టిది, రంగు మాత్రము పాచిపసుపు. తొడుగుకొనలేను, పుట్టింటివారు పెట్టినది పారవేయనూ లేను.

జౌళివిద్య చదువు పొరుగింటి పిల్లవాడు చెప్పగా, ముందు ఒక పోగు కాల్చి చూచితిని. కాగితమువలె కాలి బూడిదయైనది గనుక నూలే. పాలిస్టరైనచో కరిగి పూసకట్టును. దానికి ఈ రంగు పట్టదు.

పిదప బట్టను ఉడికించి గంజి పోగొట్టి, జానెడు ముక్కలు మూడు కత్తిరించి, కరక్కాయ కషాయమున నానవైచి ఆరవేసితిని. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట 20 దినములు పులియబెట్టి, ఆ నీట వానిని ముంచితిని. శ్రీకాళహస్తి కలంకారీవారి నలుపును ఈ తీరుననే పుట్టును. కరక్కాయ వగరు ఇనుముతో కలియగానే పసుపు మాసి, మొదటి ముక్క బూడిదరంగైనది. రెండుమార్లు మునిగినది కాటుకవలె నున్నది. మూడవదానికి అంతకంటె నలుపు రాలేదు. ఇనుము మితిమీరిన నూలు చివుకును గనుక రెండు మునుకలతోనే ఆపి, చక్కగా జాడించి, రవికలు రెండును మనుమరాలికొక లంగాయు కుట్టించితిని.