యూనిఫారం విడిచిన తర్వాత: మేజర్ ఆబిద్ హసన్ సఫ్రానీ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన హైదరాబాద్ బిడ్డ ఆబిద్ హసన్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. 1911లో పుట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లారు. అక్కడ సుభాస్ చంద్రబోసును కలిశాక చదువు మధ్యలోనే వదిలి ఆయనకు కార్యదర్శి అయ్యారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో నేతాజీ వెంట బయలుదేరిన భారతీయుడు ఆయనొక్కరే. మడగాస్కర్ దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో, చిన్న రబ్బరు పడవ మీద ఇద్దరూ జపాన్ జలాంతర్గామిలోకి మారారు. 1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ మేజర్‌గా ఆబిద్ ఇంఫాల్ పోరులో ఉన్నారు.

సిపాయిలు ఒకరు నమస్తే, ఒకరు సలాం, మరొకరు సత్ శ్రీ అకాల్ అంటుంటే, అందరికీ ఒకే పలకరింపుగా ‘జైహింద్’ను సూచించింది ఆయనేనని చాలామంది చరిత్రకారులు అంటారు. జెండా రంగుపై వాదన వచ్చినప్పుడు హిందూ సోదరులు కాషాయం పట్టుదల వదులుకున్నారట. ఆ మంచితనానికి కదిలిపోయి తన పేరు చివర ‘సఫ్రానీ’ చేర్చుకున్నారని చెబుతారు.

యుద్ధం ముగిశాక ఖైదు అనుభవించారు. విడుదలై కొంతకాలం కరాచీలో ఉద్యోగం చేశారు. దేశ విభజన తర్వాత హైదరాబాద్ తిరిగి వచ్చారు. 1948లో విదేశాంగ సర్వీసులో చేరి, డెన్మార్క్‌తో సహా పలు దేశాల్లో మన దేశం తరఫున పనిచేశారు. 1969లో పదవీ విరమణ చేసి సొంత ఊరికే వచ్చారు. 1984లో ఇక్కడే కన్నుమూశారు.

ఆయన తోటి సిపాయిలందరికీ ఇలాంటి దారి దొరకలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆజాద్ హింద్ ఫౌజ్ వారిని భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కేంద్రం మొదలుపెట్టింది 1972లో. అప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి. ఎందరో ఆ రోజు చూడకుండానే వెళ్లిపోయి ఉంటారు. ఆబిద్ సాహెబ్ వారిని మరువలేదు. రిటైరైన తర్వాత ‘ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్’ పేరుతో ప్రసంగిస్తూ, తన గొప్ప కన్నా ఆకలితో, జబ్బుతో తిరిగి నడిచిన మామూలు సిపాయిల గొప్పే చెప్పారు.

దాతలకు నా మనవి ఇదే. మన మొహల్లాల్లోనూ ఫౌజ్‌లో పనిచేసి వచ్చినవారు, వారి బేవాలు ఉన్నారు. కొందరికి కుటుంబ పింఛను కాగితాల్లో పేరు తప్పు పడుతుంది. కొందరికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో తెలియదు. అడగడానికి మొహమాటపడతారు. చదువుకున్న మన పిల్లల్లో ఒకరు తోడు వెళ్లి అర్జీ రాసిపెడితే చాలు. దారి ఖర్చు మనం పెట్టుకుందాం. దీన్ని ఖైరాత్ అనుకోవద్దు. వారి హక్కు వారికి అందించడమే.

అల్లాహ్ ఆ మర్హూమ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్. జైహింద్.