అప్పుకు ముందు అడిగినట్టే, మందు మాన్పించే ముందూ అడగాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తాగుడు మాన్పించే కౌన్సెలింగ్ గురించి మాట్లాడమన్నారు. అందులో ఒక్క ముక్కే చెప్తాను. తాగే మనిషితో మొదటిసారి కూర్చున్నప్పుడు ఏం అడగాలి, ఎట్ల అడగాలి. ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడనే.

అప్పుడు నేను మా గ్రామ సంఘం అధ్యక్షురాలిని. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే ఒకాయన రోజూ తాగొచ్చి ఇంట్లో గొడవ చేసేవాడు. ఆయన భార్య మా సభ్యురాలే. మూడు కిస్తీలు ఆగినయి. మేం ఆరుగురం పోయి ఆయనను గుడి ముందర నిలబెట్టి, నలుగురు చూస్తుండగా ఒట్టు వేయించినం. "ఇయ్యాల్టి నుంచి చుక్క ముట్టొద్దు బావా" అన్నం. ఆయన మాట మీద నిలబడ్డడు. తెల్లారి చేతులు వణుకుతున్నయని భార్య వచ్చి చెప్తే, "రెండు రోజులైతే అదే సర్దుకుంటది, ఓపిక పట్టు వదినా" అన్న. ఆ రాత్రి ఫిట్స్ వచ్చినయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వరుసగా అడిగింది. రోజుకు ఎంత తాగుతడు? మందేనా, కల్లు కూడానా? ఆఖరిసారి ఎప్పుడు తాగిండు? ఇంతకు ముందు ఫిట్స్ వచ్చినయా? నిద్ర మాత్రలు వేసుకుంటడా? ఒక్కదానికి కూడా మా దగ్గర జవాబు లేదు. ఆ ఇంటి బాకీ ఎంతో మాకు రూపాయితో సహా తెలుసు. ఆయన ఏం తాగుతడో తెలవదు. ఆయన బతికిండు. అది మా గొప్పతనం కాదు.

అక్కలారా, ఒక సభ్యురాలికి అప్పు ఇచ్చే ముందు మనం సూక్ష్మ రుణ ప్రణాళిక రాస్తం. ఇంట్లో ఎందరు, ఎకరాలెన్ని, కంది ఎంత పండింది, ఖర్చెంత, పాత బాకీ ఎంత అని అన్నీ అడిగినాకనే సంతకం. యాభై వేల రూపాయలకు ఇంత అడిగే మనం, మనిషి ప్రాణం విషయంలో ఒక్క మాట అడగకుండా ఒట్టు వేయిస్తమా?

ఏండ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన శరీరం మందుకు అలవాటు పడిపోతది. ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం కూడా ఉంటది. అది నాటకం కాదు, దయ్యం కాదు. ప్రాణం పోయే జబ్బు. డాక్టరు చూపులో మందులిచ్చి ఆపితే ప్రమాదం చాలా తగ్గుతది.

మన దిక్కు ఇంకో చిక్కు కల్తీ కల్లు. చెట్టు కల్లు వేరు. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపింది వేరు. డైజిపామ్, ఆల్ప్రజోలం డాక్టరు చీటీ మీద ఇచ్చే మత్తు మందులు. అవి రోజూ లోపలికి పోయి, ఒక్కసారిగా ఆగినా ఫిట్స్ వస్తయి. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు పెంచినప్పుడు, కల్లు దొరకక పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తున్న వాళ్లతో నిజామాబాద్ ఆసుపత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి నిండినయి. 2021 జనవరిలో మన వికారాబాద్, నవాబుపేట మండలాల ఊళ్లలో కల్లు తాగినవాళ్లు ఆసుపత్రుల పాలైంది మీకు యాదికుండే ఉంటది. అందుకే "మందు తాగుతడా?" అని ఒక్కటే అడిగితే సరిపోదు. "కల్లు లెక్కలోకి రాదు" అనుకునే ఇండ్లు మనకు చాలా ఉన్నయి.

ఇగ ఎట్ల అడగాలో చెప్తాను.

తాగి ఉన్నప్పుడు అడగొద్దు. పొద్దుటి పూట, ఆయన ఒప్పుకున్నాకనే కూర్చోవాలి. గుంపుగా పోవద్దు. ఒక్కరు, మహా అయితే ఇద్దరు. చెప్పింది సంఘం మీటింగ్‌లో చదవమని, మినిట్స్ పుస్తకంలో రాయమని ముందే మాట ఇవ్వాలి. ఆయన ప్రాణానికో, ఇంట్లోవాళ్ల ప్రాణానికో ముప్పు ఉంటే మాత్రం దాచలేమని కూడా అప్పుడే చెప్పాలి.

"ఎందుకు తాగుతున్నవ్?" అని మొదలుపెడితే ఆయనకు అది తిట్టు లెక్కనే వినబడతది. "నిన్న పొద్దున లేచినకాడి నుంచి పండుకునేదాకా ఎట్ల గడిచింది చెప్పన్నా" అనాలి. పని గురించి, నడుం నొప్పి గురించి, మేస్త్రీ గురించి చెప్పుకుంటూ మొదటి క్వార్టర్ ఎప్పుడు తెరిచిండో ఆయననే చెప్తడు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. ఎన్ని క్వార్టర్లు, ఎన్ని కల్లు సీసాలు, వారంలో ఎన్ని రోజులు అన్నది లెక్కగా రాసుకోవాలి. "కొంచెం" అనేది లెక్క కాదు.

తర్వాత నాలుగు మాటలు. తగ్గించుకోవాలని ఎప్పుడన్నా అనిపించిందా? తాగుడు గురించి ఎవరన్నా అంటే కోపమొచ్చిందా? తప్పు చేస్తున్ననని బాధ కలిగిందా? పొద్దున లేవంగనే వణుకు తగ్గడానికి తాగాల్సి వచ్చిందా? వీటిని 'కేజ్' ప్రశ్నలంటరు. 1984లో జాన్ యూయింగ్ అనే అమెరికా డాక్టరు వీటి గురించి రాసిండు. రెండింటికి అవునంటే డాక్టరుకు చూపించాలి. నాలుగో దానికి అవునంటే, ఇంతకు ముందు ఫిట్స్ వచ్చినయంటే, ఇంట్లో మాన్పించొద్దు. నేరుగా ఆసుపత్రికే.

"చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా?" అని అడగడానికి మనం జంకుతం. అడిగితే ఆ ఆలోచన పుడతదని భయం. పుట్టదు. అడిగినందుకు గుండె బరువు దించుకున్నవాళ్లనే నేను చూసిన.

ఆఖరుకు, "మానాలన్న కోరిక సున్నా నుంచి పది దాకా ఎంతుంది?" అని అడగండి. మూడు అంటే "మూడేనా?" అనొద్దు. "సున్నా అనకుండా మూడు ఎందుకన్నవ్?" అనాలి. బిడ్డ పెండ్లి అనో, కొడుకు చదువు అనో చెప్తడు. అది మనం వేయించిన ఒట్టు కాదు, ఆయన సొంత కారణం. రేపు నిలబెట్టేది అదే.

భార్యతో వేరే రోజు, వేరే చోట మాట్లాడాలి. ఆమె చెప్పింది ఆయన ముందర, ఆయన చెప్పింది ఆమె ముందర పెట్టి పంచాయితీ చేయొద్దు. దెబ్బలుంటే 181కి ఫోన్. ఆయనకు తెలవకుండా అన్నంలో మాత్ర కలపమని ఎవరన్నా చెప్తే వినొద్దు. డైసల్ఫిరామ్ మాత్ర మీద మందు పడితే గుండె మీదికి రావచ్చు. ఆయనకు తెలిసి, డాక్టరు చెప్తేనే వాడాలి.

ఇంకో మాట, మనలో మనం. కల్లు తాగేవాళ్లు మగవాళ్లే కాదు. మన సంఘాల్లో అవ్వలున్నరు, వదినలున్నరు. వాళ్లను ఎవరూ అడగరు, సిగ్గుతో వాళ్లూ చెప్పరు. అడిగే పద్ధతి వాళ్లకు కూడా ఇదే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన్రు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. నెల్లూరులో పొదుపు ఉద్యమం ఆ పోరాటం నుంచే లేచింది. ఆ చరిత్ర మనది. బెల్టు షాపుల మీద మనం చేసే తీర్మానాలు సరైనవే. కానీ దుకాణం మూసిన రాత్రి వణికే మనిషి పక్కన ఎవరు కూర్చుంటరన్నది కూడా ఆ తీర్మానంలో ఉండాలి.

అందుకని ఈ సమాఖ్యను ఒకటే కోరుతున్న. ప్రతి గ్రామ సంఘంలో ఇద్దరికి ఈ అడిగే పద్ధతి నేర్పించండి. మనం డాక్టర్లం కాము. అడగడం, రాసుకోవడం, వెంట పోవడం, అంతే మన పని. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేకుంటే టెలి మానస్ 14416, ఫిట్స్ వస్తే 108. ఈ నంబర్లు సంఘం ఆఫీసు గోడ మీద రాయించండి.

ఆ బావ సంగతి అడుగుతరు కదా. ఆసుపత్రి నుంచి వచ్చినాక రెండుసార్లు మళ్లీ తాగిండు. రెండోసారి ఆయననే మా ఇంటికొచ్చి, "మొన్న అడిగినట్టు మళ్లా అడుగు చెల్లె, ఎక్కడ జారిన్నో నాకే తెలుస్తలేదు" అన్నడు. మేం కాయితం తీసి మొదటి నుంచి కూర్చున్నం.