అడవి సినిమాలో మనుషులు ఎందుకు కనపడరు?

 

మన దేశంలోని అడవుల గురించి, జంతువుల గురించి, వాటితో బతికే మనుషుల గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. నేను బీఈడీ చదివి హాస్టల్ వార్డెన్ అయినదాన్ని. పాఠం చెప్పినట్టే ఉంటుంది, కొంచెం ఓపిక పట్టండి.

ఆదివారం పూట మా పిల్లలకు టీవీలో జంతువుల సినిమాలు పెడతాం. గంటలో హిమాలయం, ఎడారి, సముద్రం అన్నీ తిప్పి చూపిస్తారు. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, "మేడమ్, అక్కడ ఊళ్లు లేవా?" అని అడిగింది. ఉన్నాయమ్మా, కెమెరా అటు తిప్పలేదు, అంతే అన్నాను. ఈరోజు ఆ ఊళ్ల సంగతే చెబుతాను.

పైనుంచి మొదలుపెడదాం. లడఖ్‌లో చెట్టు కనపడటమే అరుదు. అంతా రాయి, మంచు, గాలి. అక్కడ మంచు చిరుత ఉంటుంది. 2024 జనవరిలో వచ్చిన మొదటి దేశవ్యాప్త లెక్క ప్రకారం భారతదేశంలో 718 మంచు చిరుతలు ఉన్నాయి. వాటిలో 477 ఒక్క లడఖ్‌లోనే. అది రాత్రిపూట గొర్రెల దొడ్డిలోకి దూకిందంటే ఒక్క గొర్రెతో పోదు. బెదిరి అటూ ఇటూ పరుగెత్తే మందలో దొరికినదాన్నల్లా చంపుతుంది. ఏడాది సంపాదన ఒక్క రాత్రిలో పోతే ఆ ఇంటివాళ్లకు చిరుత మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది? అందుకే దొడ్ల పైకప్పుకు గట్టి ఇనుప వల బిగించారు. హెమిస్ నేషనల్ పార్కులోని రుంబాక్ లాంటి ఊళ్లలో ఇళ్లవాళ్లే, ముఖ్యంగా ఆడవాళ్లు, వంతులవారీగా యాత్రికులకు గది, భోజనం ఇచ్చి డబ్బు సంపాదిస్తున్నారు. గొర్రెల్ని తిన్న జంతువును చూడటానికే ఇప్పుడు జనం వస్తున్నారు.

అక్కడినుంచి ఈశాన్యానికి, నాగాలాండ్‌కు వెళ్దాం. అక్కడంతా పచ్చని కొండలు, వాన. వోఖా జిల్లాలో దోయాంగ్ నది మీద డ్యామ్ కట్టారు, పొలాలు నీళ్ల కిందికి పోయాయి. ఆ జలాశయం చుట్టూ ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో అముర్ డేగలు లక్షల్లో దిగుతాయి. 150 గ్రాముల బరువుండే పిట్ట సైబీరియా, ఉత్తర చైనా వైపునుంచి వచ్చి, ఇక్కడ ఉసిళ్లు తిని, కొవ్వు పట్టి, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణానికి పోతుంది. 2012లో అక్కడి లోథా నాగాలు చేపల వలలు కట్టి వాటిని వేలకు వేలు పట్టి అమ్మారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడు పాంగ్తీ, చుట్టుపక్కల ఊళ్ల కౌన్సిళ్లు వేట నిషేధించాయి. చర్చిలు కూడా చెప్పాయి. 2013లో వేట ఆగిపోయింది. అదే ఏడు మూడు డేగలకు శాటిలైట్ యంత్రాలు కట్టి వదిలారు. వాటి పేర్లు నాగా, వోఖా, పాంగ్తీ. ఊరి పేరుతో పిట్ట ఎగిరింది. కాని పొలం పోయినవాడు ఆ పిట్టల డబ్బు కూడా వదులుకున్నాడని మరచిపోకూడదు. మెచ్చుకోవడం తేలిక, నష్టం భరించినది వాళ్లు.

అరుణాచల్‌లో నిషీ తెగ మగవాళ్లు హార్న్‌బిల్ అనే పెద్ద పక్షి ముక్కు పెట్టిన టోపీ ధరిస్తారు. మన గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకున్నట్టే, అది వాళ్ల గౌరవం. తేడా ఏమిటంటే నెమలి ఈక రాల్చుతుంది, హార్న్‌బిల్ ముక్కు రాల్చదు. ఆ పక్షి ఆడది చెట్టు తొర్రలోకి పోయి, ద్వారం మూసుకుని నెలల తరబడి లోపలే ఉంటుంది. మగది బయటినుంచి పండ్లు తెచ్చి సన్నని సందులోంచి నోటికి అందిస్తుంది. మగదాన్ని కొడితే లోపల తల్లీపిల్లలు ఆకలితో పోతాయి. పక్కే ప్రాంతంలో నిషీలు టోపీకి ఫైబర్ ముక్కు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకప్పటి వేటగాళ్లే గూళ్లకు కాపలాదారులయ్యారు. ఏ చెట్టులో ఏ తొర్ర ఉందో వేటగాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు దక్షిణానికి వద్దాం, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను. కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా, బిళిగిరి రంగన కొండలు. అక్కడ సోలిగలు ఉంటారు. 1974లో ఆ అడవిని అభయారణ్యం చేశారు. వేట, పోడు ఆపించారు. లోపలి గూడేలను అంచులకు తెచ్చారు. ఎండాకాలం మొదట్లో రాలిన ఆకుకు చిన్న మంట పెట్టే అలవాటు సోలిగలకు ఉండేది. అదీ ఆపించారు. ఆ మంట మోకాలి ఎత్తు కూడా లేవదు, కొత్త గడ్డి వస్తుంది. మన దగ్గర ఇప్పపువ్వు ఏరేముందు చెట్టు కింద ఆకు కాల్చడం మీరు చూశారు. మంట ఆగాక అడవిలో లాంటానా కంప అల్లుకుపోయిందని, ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగి కాయ తగ్గిందని సోలిగ పెద్దలు చెబుతూ వచ్చారు. చాలాకాలం ఎవరూ వినలేదు. తర్వాత పరిశోధకులు వాళ్లతో కలిసి తిరిగి ఆ మాటల్ని శాస్త్ర పత్రికల్లో రాశారు. అన్ని మంటలూ మంచివని నేననడం లేదు. నడి ఎండాకాలంలో పెద్దగా అంటుకుంటే చెట్టూ పోతుంది, పిల్ల జంతువులూ పోతాయి. ఎప్పుడు, ఎంత, ఎక్కడ అన్నదే విద్య.

2011 జనవరిలో ఆ అడవి టైగర్ రిజర్వు అయింది. మళ్లీ ఖాళీ చేయిస్తారన్న భయం పట్టుకుంది. సోలిగలు తమ దేవుళ్ల స్థలాలు, సెలయేళ్లు, పాత గూడేల జాగాలు వందల సంఖ్యలో పటం మీద గుర్తించారు. గ్రామసభలు పెట్టి 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు వేశారు. అదే ఏడు వాళ్ల గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. టైగర్ రిజర్వు లోపల అలా హక్కు రావడం దేశంలో అదే మొదటిసారి. అక్కడ పులులు ఇప్పటికీ ఉన్నాయి, సోలిగలూ ఉన్నారు. ఆ అడవిలో దొరికిన ఒక కొత్త కందిరీగ ప్రజాతికి శాస్త్రవేత్తలు 2022లో 'సోలిగ' అని పేరు పెట్టారు. ఇది నాకు భలే నచ్చిన విషయం.

ఇక మన దగ్గరికి. నల్లమలలో పులుల కాపలా క్యాంపుల్లో తిరిగేవాళ్లలో చెంచులు ఉన్నారు. అడుగుజాడ చూసి జంతువు ఎప్పుడు పోయిందో చెబుతారు. ఇటు మన కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. పులులు మహారాష్ట్రనుంచి ప్రాణహిత దాటి వస్తాయి. 2020 నవంబరులో మన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరు ఆదివాసీల ప్రాణాలు తీసింది. ఆ ఇళ్ల ముందు నిలబడి పులి మన బంధువని చెప్పే ధైర్యం నాకు లేదు. పత్తి ఏరడానికి ఒంటరిగా పోవద్దు, గుంపుగా పోండి. అడుగు కనపడితే చెరపకుండా వెంటనే చెప్పండి.

ఊరు తరలింపు మాట వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి. 2021నుంచి కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటున్నారు. కొందరు ఇష్టపడి పోతారు, వాళ్లను తప్పుపట్టను. బడి, రోడ్డు, ఆసుపత్రి ఎవరికి వద్దు? కాని చట్టం ప్రకారం ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. విషయమంతా తెలిసి, స్వేచ్ఛగా గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీరు చదువుకున్నవాళ్లు. ఆ కాగితం మీ అమ్మానాన్నలకు గోండిలో, కొలామీలో చదివి వినిపించాల్సింది మీరే. సంతకం తర్వాత కాదు, ముందు.

ఇంటర్ బైపీసీ చదివే పిల్లలకు ఒక మాట. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది, అందులో బీఎస్సీ ఫారెస్ట్రీ చెబుతారు. క్యాంపుల్లో రోజు కూలీకి దారి చూపేవాళ్లు మనవాళ్లు, నివేదిక రాసేవాళ్లు వేరేవాళ్లు అన్నట్టుగా ఎన్నాళ్లు? వివరాలు కావాల్సినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి, సాయంత్రం బస్సు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. జై సేవ.